ఇటివ్వు, నేను చేస్తా

రోబోటిక్స్ పోటీకి వచ్చిన అమ్మానాన్నలు తిన్నగా గ్యాలరీలోకి వెళ్లి కూర్చుంటారు. పాటలు, రంగుల లైట్లు, పెద్ద తెర, కింద మైదానంలో ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తిరిగే రోబోలు. కేకలు వెయ్యడానికి కావలసినంత ఉంటుందక్కడ. నా వెంట వచ్చినవాళ్లను మాత్రం నేను ముందు పిట్ వైపు తీసుకెళ్తాను. జట్టుకొకటి చొప్పున పదడుగుల చదరపు గడులు వరసలు వరసలుగా ఉంటాయి. ప్రతి గడిలో ఒక బల్ల, పనిముట్ల పెట్టె, ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీలు, మధ్యలో పైకెత్తి పెట్టిన రోబో. అక్కడ ఒక్క ఐదు నిమిషాలు నిలబడి, డ్రిల్ ఎవరి చేతిలో ఉందో చూడమంటాను.

జట్టు ఫొటోల్లో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. కొన్ని జట్లలో సగానికి సగం ఉంటారు. పిట్‌లో ఆ లెక్క మారిపోతుంది. గడికి ముందు నిలబడి, జడ్జీలు రాగానే నవ్వుతూ పలకరించి, రోబో గురించి చక్కగా వివరించేది అమ్మాయి. రోబో కింద దూరి నట్లు బిగించేది అబ్బాయి. అన్ని జట్లూ ఇలాగే ఉంటాయని అనను. కానీ ఇన్నేళ్లుగా ఇన్ని చోట్ల ఇదే బొమ్మ కనబడుతుంటే, ఇది యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం నా వల్ల కాలేదు.

నేను మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివార్లలో ఉన్న ఒక హైస్కూలు జట్టుకు మెంటర్‌ని. కార్లకు విడిభాగాలు తయారుచేసే చోట నా ఉద్యోగం. సాయంత్రాలు, శనివారాలు ఈ పిల్లలతో గడుస్తాయి. పుట్టి పెరిగింది విజయవాడ.

ముందు ఈ ఆట సంగతి చెప్పాలి. దీన్ని ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అంటారు. రెండు చక్రాల సెగ్వే బండిని తయారుచేసిన డీన్ కామెన్ 1989లో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్ ఊళ్లో ‘ఫస్ట్’ సంస్థను పెట్టారు. పిల్లలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఆరాధించినట్టే ఇంజనీర్లనూ ఆరాధించాలని ఆయన కోరిక. 1992లో అక్కడి ఒక హైస్కూలు జిమ్‌లో జరిగిన మొదటి పోటీకి 28 జట్లు వచ్చాయి. ఇవాళ ప్రపంచమంతా కలిపి 3,000కు పైగా హైస్కూలు జట్లున్నాయి. ఒక్క మిషిగన్‌లోనే దాదాపు 500. కార్లు తయారయ్యే నేల కాబట్టి ఇక్కడ ప్రతి ఊళ్లోనూ మర పని తెలిసిన పెద్దవాళ్లుంటారు, వాళ్లకు పిల్లలకు నేర్పాలన్న సరదా ఉంటుంది. జిల్లాల వారీగా పోటీలు పెట్టి రాష్ట్రస్థాయికి తీసుకెళ్లే పద్ధతి కూడా 2009లో మిషిగన్‌లోనే మొదలైంది.

ఆట ఏడాదికొకటి మారుతుంది. జనవరి మొదట్లో ఒక శనివారం ఆ ఏటి ఆట ఏమిటో అందరికీ ఒకేసారి ప్రకటిస్తారు. అందాకా ఎవరికీ తెలియదు. 2023లో రోబోలు రబ్బరు శంకువులను, గాలి నింపిన ఘనాలను అరల్లో, కడ్డీల మీద పెట్టాలి. 2024లో నారింజరంగు ఫోమ్ రింగులను గూట్లోకి విసరాలి. 2025లో పీవీసీ గొట్టం ముక్కలను చెట్టుకొమ్మల్లాంటి కడ్డీలకు తొడగాలి. ప్రకటన వచ్చిన రోజునుంచి పిల్లలు ఆలోచించి, కంప్యూటర్లో గీసి, అల్యూమినియం కోసి, తీగలు లాగి, కోడ్ రాసి, రెండు నెలలు తిరిగేలోగా 50 కిలోల రోబోను మైదానంలో దింపాలి. ఒక్కో మ్యాచ్ సుమారు రెండున్నర నిమిషాలు. మూడు జట్లు ఒకవైపు, మూడు జట్లు మరోవైపు. మొదటి కొన్ని సెకన్లు రోబో మనిషి సాయం లేకుండా, తనలో ఉన్న ప్రోగ్రామును బట్టి నడుస్తుంది. మిగతా సమయం పిల్లలు అద్దం వెనక నిలబడి కంట్రోలర్లతో నడుపుతారు. ఈ మ్యాచ్‌లో మన పక్షాన ఉన్న జట్టు తర్వాతి మ్యాచ్‌లో మనకు ప్రత్యర్థి కావచ్చు. అందుకే ఇక్కడ ఎదుటి జట్టు మోటారు కాలిపోతే మన మోటారు తీసి ఇవ్వడం మామూలు విషయం. ఈ మర్యాదను ఈ పోటీకి అలవాటు చేసిన పెద్దమనిషి ఎంఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పిన ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్.

జట్టంటే రోబో చేసేవాళ్లు మాత్రమే అనుకోకండి. విరాళాలు అడిగేవాళ్లు, ఎదుటి రోబోల బలాబలాలు రాసుకునేవాళ్లు, చిన్న బళ్లకు వెళ్లి పాఠాలు చెప్పేవాళ్లు, అవార్డులకు వ్యాసాలు రాసేవాళ్లు అందరూ కావాలి. ‘ఫస్ట్’ సంస్థ తన అన్నింటికంటే పెద్ద గౌరవాన్ని మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు ఇవ్వదు. చుట్టుపక్కల సమాజంలో మార్పు తెచ్చిన జట్టుకు ఇంపాక్ట్ అవార్డు ఇస్తుంది. కాబట్టి రాత పని, మాట పని తక్కువ రకమని నేను ఎన్నడూ అనను. మా జట్టులో ఆ వ్యాసం రాసిన అమ్మాయిలు ఎంత కష్టపడతారో నాకు తెలుసు. నా బాధ ఎక్కడంటే, ఆ గదిలోంచి వర్క్‌షాపులోకి దారి ఉండదు. తొమ్మిదో తరగతిలో “నీ చేతిరాత బాగుంది, నువ్వు రాయి” అని నోట్‌బుక్ చేతికిచ్చిన అమ్మాయి పన్నెండో తరగతి దాకా ఆ నోట్‌బుక్‌తోనే ఉండిపోతుంది. ఏ నట్టుకు ఏ స్పానరో తెలియకుండానే నాలుగేళ్లు రోబోటిక్స్ చేశానని సర్టిఫికెట్ పట్టుకెళ్తుంది.

బంపర్ల సంగతి చెప్తాను. రోబో చుట్టూ ఢీకొట్టినా దెబ్బ తగలకుండా బంపర్లు ఉండాలన్నది నియమం. ప్లైవుడ్ పలకలు, వాటి మీద ఈతకొలనుల్లో వాడే మెత్తటి ఫోమ్ గొట్టాలు, పైన ఎరుపో నీలమో బిగుతుగా లాగి కొట్టిన గుడ్డ, దాని మీద జట్టు నంబరు. మ్యాచ్ మధ్యలో బంపర్ ఊడిపోతే ఆ రోబోను ఆపేస్తారు. అంత ముఖ్యమైన భాగం. అయితే గుడ్డ ఉంది కదా, అందుకని చాలా జట్లలో అది అమ్మాయిల పని అయిపోతుంది. తీరా చూస్తే అందులో సగం వడ్రంగం. ప్లైవుడ్ కొలిచి కోయాలి, మూలలు కలపాలి, బ్రాకెట్లు బిగించాలి. ఆ సగం మళ్లీ అబ్బాయిల దగ్గరికి పోతుంది. మేం బంపర్ మొత్తాన్ని ఒకే గుంపుకు అప్పగిస్తాం. రంపం పట్టినవాళ్లే గుడ్డ కూడా లాగాలి. ఆరడుగుల ఫుట్‌బాల్ ఆటగాడు నాలుక కొరుక్కుంటూ గుడ్డ మూల మడత సరిచేస్తుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

ఇందులో ఎవరికీ చెడ్డ బుద్ధి లేదు. అసలు చిక్కంతా అక్కడే. 2023లో మా రోబో చెయ్యి చైన్ మీద నడిచేది. ఒక పోటీలో మ్యాచ్‌కు మ్యాచ్‌కు మధ్య చైన్ వదులై గేరు పన్ను జారింది. చెయ్యి పై అరను అందుకోవడం లేదు. ఆ గేరుపెట్టెను కట్టిన అమ్మాయి పదో తరగతి. వాళ్ల అమ్మానాన్నలది కరీంనగర్. నెమ్మదస్తురాలు. పట్టకారు తీసుకుని మోకాళ్ల మీద కూర్చుంది, లింకు క్లిప్పు తియ్యబోతోంది. ఇంతలో పన్నెండో తరగతి కుర్రాడొకడు పక్కకొచ్చి చెయ్యి చాచాడు. “ఇటివ్వు, నేను చేస్తా.” ఆ పిల్ల ఆలోచించనైనా ఆలోచించకుండా పట్టకారు అతని చేతిలో పెట్టబోయింది.

ఆ కుర్రాడు మంచివాడు. ఆ పిల్లకు లెక్కలు చెప్పేదీ అతనే. అతను చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఆ పిల్ల చేస్తే ఐదారు నిమిషాలు. మైదానంలోంచి పిలుపు వచ్చేలా ఉంది. ఆ క్షణంలో అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ అతనికి అంత వేగం ఎలా వచ్చింది? అంతకుముందు ఏడాది, ఆ ముందు ఏడాది, తొందరొచ్చిన ప్రతిసారీ చైన్ అతని చేతికే వెళ్లింది. చేసినవాడికే పని వస్తుంది. పని వచ్చినవాడికే మళ్లీ పని ఇస్తారు. రోబోటిక్స్ అంతా తొందరే కాబట్టి ఈ చక్రం ఎక్కడా ఆగదు. జట్టులో మొదటి నెలలో ఎవరికి కొంచెం ముందు డ్రిల్ అలవాటైందో, ఏడాది చివరికి రోబో మొత్తం వాళ్లదే. ఇంటి దగ్గర నాన్నతో గ్యారేజీలో గడిపి వచ్చిన అబ్బాయిలకు ఆ కొంచెం ముందే ఉంటుంది.

నేను ఆ కుర్రాడి చేతికి టార్చి లైటు ఇచ్చాను. “నువ్వు వెలుతురు చూపించు, ఆమె చేస్తుంది” అన్నాను. ఆ పిల్ల క్లిప్పు తీసింది, ఒక లింకు తగ్గించింది, మళ్లీ బిగించింది. బండి తోసుకుంటూ పరుగున మైదానానికి చేరేసరికి మా వంతు వచ్చేసింది. సాయంత్రం ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి కోపంగా అడిగాడు, ఆలస్యమై మ్యాచ్ పోయుంటే ఏమయ్యేదని. అడగవలసిన ప్రశ్నే. నేను తిరిగి అడిగాను: “జూన్‌లో నువ్వు బడి వదిలి వెళ్లిపోతావు. వచ్చే మార్చిలో ఈ చైన్ ఎవరు బిగించాలి?” అతనికి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. హైస్కూలు జట్టు ప్రతి ఏటా తన సభ్యుల్లో సుమారు నాలుగో వంతును పోగొట్టుకుంటుంది. తెలిసినవాళ్లే చేస్తూ పోతే, వాళ్లతోపాటే తెలివీ గేటు దాటి వెళ్లిపోతుంది. అమ్మాయిలకు న్యాయం చెయ్యమని అడిగితే కొందరు తలలాడించి మర్చిపోతారు. జట్టు బాగు కోసం అడిగితే అందరికీ ఎక్కుతుంది. నేను రెండూ అడుగుతాను.

అప్పటినుంచి మా వర్క్‌షాపులో ఒక పద్ధతి గట్టిగా పాటిస్తున్నాం. ఇంకొకరి చేతిలో ఉన్న పనిముట్టు తీసుకోకూడదు. నోటితో సాయం చెయ్యొచ్చు, చేత్తో కూడదు. చూసేవాడు చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాలి. వినడానికి చిన్న సంగతే గాని, పాటించడం పెద్దవాళ్లకే కష్టం. మెంటర్లలో నలభై ఏళ్లు మిల్లింగ్ మెషిన్ మీద పనిచేసి రిటైరైన తాతగారొకరున్నారు. ఆయన చేతులు వెనక కట్టుకుని, పిల్ల తడబడుతుంటే చూడలేక అటు తిరిగి నిలబడతారు. నాకు ఆయనంటే ఎంత గౌరవమో చెప్పలేను.

చిన్న సంగతులు మరికొన్ని ఉన్నాయి. వర్క్‌షాపులో అందరూ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. మొదట్లో మా దగ్గరున్నవన్నీ పెద్ద ముఖాల కొలత. సన్నటి ముఖాల పిల్లలకు ముక్కు మీంచి జారిపోయేవి. డ్రిల్ తిరుగుతుండగా మణికట్టుతో కళ్లద్దాలు పైకి తోసుకునే అమ్మాయిలను చూసి నా గుండె జారింది. చిన్న కొలతవి తెప్పించడానికి కొద్ది డాలర్లు చాలాయి. చేతి తొడుగులూ అంతే. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఒక ఎత్తుపీట వేశాం. జుట్టు ముడి వేసుకోవడానికి రబ్బరు బ్యాండ్ల డబ్బా తలుపు పక్కనే పెట్టాం, పొడవు జుట్టున్న అబ్బాయిలు కూడా వాడతారు. ఈ పనిముట్టు నీ కోసమే అని నోటితో వందసార్లు చెప్పడం కన్నా చేతికి సరిపోయే తొడుగు ఇవ్వడం నయం.

నాకు ఈ పట్టుదల మా నాన్న నుంచి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో మాకు రేకుల షెడ్డు, అందులో రెండు లేత్‌లు ఉండేవి. సెలవుల్లో నేను అక్కడే ఉండేదాన్ని. లేత్ మీంచి వేడివేడిగా రాలే ఇనప రజను దగ్గరికి వెళ్తే మేస్త్రి “పాపా, చెయ్యి కాలుద్ది, అవతలకి పో” అనేవాడు, ప్రేమతోనే. నాన్న తల ఎత్తకుండానే, “కాలితే తెలుస్తుందిలే. పట్టుకోనీ” అనేవారు. వర్నియర్‌తో షాఫ్టు కొలవడం నాకు ఎక్కాల కంటే ముందు వచ్చిందని అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది. తర్వాత మెకానికల్ బ్రాంచిలో చేరాను. క్లాసులో అమ్మాయిలం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందిమి. వర్క్‌షాపు ల్యాబ్‌లో ఫిట్టింగ్ జాబ్ ఉంటుంది. ఇనప ముక్కను ఆకురాయితో రుద్ది రుద్ది కొలతకు తేవాలి. చేతులు బొబ్బలెక్కుతాయి. అక్కడి అటెండర్ మా అమ్మాయిల ముక్కలన్నీ పోగేసి, “మీ వల్ల కాదమ్మా, ఇటివ్వండి” అని తనే రుద్ది పెట్టేవాడు. మార్కులు పూర్తిగా వచ్చేవి. ఆకురాయి పట్టు మాత్రం రాలేదు. నా స్నేహితురాళ్లలో చాలామంది ఆ సెమిస్టర్‌తోనే మెకానికల్ తమది కాదని మనసులో తేల్చుకున్నారు. డెట్రాయిట్ పిట్‌లో ఆ కుర్రాడి నోటివెంట అదే మాట విన్నప్పుడు నాకు ఆ ల్యాబే గుర్తొచ్చింది.

మన దేశంలో తొలితరం మహిళా ఇంజనీరు మన తెలుగావిడే. అయ్యలసోమయాజుల లలిత. 1919లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే, చేతిలో నెలల పాప ఉండగా భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పూనికతో 1940లో అక్కడే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరి, 1943లో చదువు ముగించారు. ఆ కథ చెప్పేవాళ్లంతా ఆమె డిగ్రీ దగ్గర ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ చదువులో భాగంగా ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేసిన అప్రెంటిస్ శిక్షణ. 1940లలో, ఆవిరి ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఒక తెలుగు వితంతువు! తర్వాత కలకత్తాలో ఏఈఐ కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేశారు, భాక్రానంగల్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సమావేశానికి వెళ్లారు. డ్రాయింగ్ బల్ల దగ్గరే కూర్చోబెట్టి ఉంటే ఆమె అంత దూరం వెళ్లేవారా అన్నది నాకు అనుమానమే.

అనుభవం ముందు, ఆసక్తి తర్వాత అని నేనంటే మెంటర్ చాదస్తం అనుకోవచ్చు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ మాస్టర్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఆరేళ్ల పిల్లలను 96 మందిని తీసుకున్నారు. కొందరికి ఒక చిన్న రోబోను ఫోనుతో నడిపేలా ప్రోగ్రాము చెయ్యడం నేర్పారు, మిగతావాళ్లకు ఆ పని ఇవ్వలేదు. ఆ రోబోతో గడిపింది 20 నిమిషాలే. తర్వాత అడిగితే, రోబోను నడిపిన ఆడపిల్లలకు సాంకేతిక పనుల మీద ఇష్టమూ, నాకు వస్తుందన్న నమ్మకమూ మగపిల్లలతో సమానంగా ఉన్నాయి. ఆ పని చెయ్యని పిల్లల్లో మాత్రం తేడా అలాగే ఉంది. ఆరేళ్లకే తేడా ఉందన్నది నన్ను దిగులుపెట్టింది. 20 నిమిషాల్లో అది తగ్గగలదన్నది మాత్రం నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. సప్నా చెర్యన్ అనే పరిశోధకురాలు 2009లో మరొకటి చూపించారు. కంప్యూటర్ సైన్స్ గదిలో స్టార్ ట్రెక్ పోస్టర్లు, వీడియో గేమ్ సరంజామా ఉంటే అమ్మాయిలకు ఆ చదువు మీద ఆసక్తి తగ్గింది. వాటిని తీసేసి ప్రకృతి దృశ్యాలు పెడితే ఆసక్తి పెరిగింది. చెప్పే పాఠం మారలేదు, గోడ మారిందంతే. మా వర్క్‌షాపు గోడల మీద ఇప్పుడు పాత రోబోల ఫొటోలున్నాయి, ఒక్కో ఫొటో కింద ఏ భాగం ఎవరు చేశారో పేర్లు.

అందరికంటే కంటికి కనబడే స్థానం డ్రైవర్‌ది. మైదానం పక్కన నిలబడేది ఐదుగురే. అక్కడ అమ్మాయిలు రావడం అన్నింటికన్నా కష్టం. నాకు వీడియో గేములు బాగా వచ్చు అని అబ్బాయిలు ముందే చెయ్యెత్తుతారు. అమ్మాయిలు ఎవరైనా అడిగితే చూద్దామని కూర్చుంటారు. ఈ ముడి విప్పడానికి మిషిగన్‌లో ఒక మంచి పని జరుగుతుంది. అసలు సీజన్ అయిపోయాక, బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్‌లో అమ్మాయిల కోసమే ఒక పోటీ పెడతారు. జట్లు అవే, రోబోలు అవే, నడిపేవాళ్లు మాత్రం అమ్మాయిలు. అబ్బాయిలు రావచ్చు, చప్పట్లు కొట్టవచ్చు. ఇలాంటివి వేరే రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఏడాదంతా స్కోర్లు రాసిన పిల్ల ఆ రోజు కంట్రోలర్ పట్టుకోక తప్పదు. మొదటి మ్యాచ్‌లో రోబోను గోడకు గుద్దుతారు, మూడో మ్యాచ్‌కల్లా భుజాలు సర్దుకుని నిలబడతారు. ఆ తర్వాత మా డ్రైవర్ పరీక్షకు చెయ్యెత్తిన అమ్మాయిలు ఎప్పుడూ ఆ పోటీకి వెళ్లొచ్చినవాళ్లే. ఇప్పుడైతే మేం చెయ్యెత్తమని అడగడమే మానేశాం. జట్టులో ప్రతి ఒక్కరూ పరీక్షకు రావాలి, అంతే. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తాం.

మరి అమ్మాయిల జట్లే వేరుగా ఉంటే పోలేదా అని అడుగుతారు. ఉన్నాయి, చాలా బాగున్నాయి. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం అండతో 2010లో మొదలైన గర్ల్స్ ఆఫ్ స్టీల్, కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రం సాయంతో గర్ల్ స్కౌట్స్ నడిపే స్పేస్ కుకీస్. ఆ జట్లలో చైన్ వదులైతే ఏ అమ్మాయో బిగించాల్సిందే, వేరే దారి లేదు. మొదటి ఏడాది రెండేళ్లు అటువంటి చోటు దొరికితే అంతకన్నా కావలసింది లేదని నా నమ్మకం. కానీ రేపు ఉద్యోగంలో ఆ అబ్బాయిలతోనే పనిచెయ్యాలి. చెయ్యి చాచకుండా ఉండడం అబ్బాయిలూ నేర్చుకోవాలి. అది నేర్పేది ఉమ్మడి జట్టే.

అమ్మాయిల జట్టంటే ప్రపంచమంతటికీ గుర్తొచ్చేది అఫ్గానిస్థాన్ జట్టు. హెరాత్ నగరపు పిల్లలు ఆరుగురు 2017లో వాషింగ్టన్‌లో జరిగిన ఫస్ట్ గ్లోబల్ పోటీకి రావాలనుకున్నారు. వీసా రెండుసార్లు తిరస్కరించారు. వాళ్లకు రావలసిన విడిభాగాలు కస్టమ్స్‌లో ఇరుక్కుపోయాయి. చివరి నిమిషంలో అనుమతి దొరికి, పోటీకి ఒకరోజు ముందు దిగారు. కలుషిత నీటిని వేరుచేసే ఆట అది, రెండు రంగుల బంతులను ఏరి వేరుచెయ్యాలి. ఆ పిల్లలకు ధైర్యసాహసాలకిచ్చే వెండి పతకం వచ్చింది. పతకం కంటే 2020 నాటి సంగతి నాకు ఎక్కువ నచ్చుతుంది. కోవిడ్ వచ్చి వెంటిలేటర్లు దొరకనప్పుడు ఆ జట్టు అమ్మాయిలు పాత టయోటా కరోలా భాగాలతో, మోటారుసైకిల్ చైన్‌తో వెంటిలేటర్ నమూనా తయారుచేశారు. మూడేళ్ల ముందు బంతులు ఏరిన జట్టే ఊపిరి పోసే యంత్రం దాకా వెళ్లింది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతుల్లోకి పోయాక వాళ్లలో కొందరు ఖతార్‌కు, కొందరు మెక్సికోకు వెళ్లిపోవలసి వచ్చింది. అఫ్గానిస్థాన్‌లో ఇప్పుడు ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడే లేదు. తలుపులు బార్లా తీసి ఉన్న దేశాల్లో మనం పిల్లల చేతుల్లోంచి పట్టకారు లాగేసుకుంటున్నామంటే నాకు నిద్ర పట్టదు.

మన దగ్గర సంగతికొస్తే, నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ బడికి 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెట్టించింది. ఇప్పటికి దేశంలో 10,000కు పైగా బళ్లలో ఉన్నాయి. 2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో ఇంకో 50,000 పెడతామన్నారు. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు ఆర్డ్యునో బోర్డులు, సెన్సర్లు, త్రీడీ ప్రింటర్లు అందుతాయి. మా వదిన కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. తను చేరినప్పుడు ల్యాబ్ సామానంతా బీరువాలో తాళం వేసి ఉందట, పిల్లలు పాడుచేస్తారని. తాళం తీయించడం ఒక మెట్టు. తీశాక, బల్ల చుట్టూ మగపిల్లలు మూగితే ఆడపిల్లలు వెనక వరసలో నిలబడిపోకుండా చూడడం రెండో మెట్టు. “ఒక నెల ఆడపిల్లలకు వేరే బల్ల వేశాను వదినా, తర్వాత కలిపాను. అప్పటికి వీళ్లకి సెన్సర్ ఎటు గుచ్చాలో తెలిసిపోయింది, ఇంక జరగమంటే జరగరు” అంది ఫోన్లో. ఆ పిల్లలు పశువుల తొట్టి నిండగానే మోటారు ఆగిపోయే పరికరం చేశారు. మూడో మెట్టు ఇంటికి వెళ్లే బస్సు. సాయంత్రం ల్యాబ్ పెడితే పక్క ఊళ్ల ఆడపిల్లలు ఉండలేరు, చీకటి పడితే ఇంట్లో ఒప్పుకోరు. వదిన ల్యాబ్‌ను పొద్దున ప్రార్థనకు ముందుకు మార్చింది. ఏ పథకంలోనూ రాసి ఉండని మార్పు ఇది. నా లెక్కలో 20 లక్షల గ్రాంటు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

పై చదువులకొస్తే, ఐఐటీల్లో అమ్మాయిలకు 2018 నుంచి అదనపు సీట్లు పెట్టారు, 2020 కల్లా వాళ్ల వాటాను 20 శాతానికి చేర్చాలన్న లక్ష్యంతో. సీటు వచ్చిన అమ్మాయికి కూడా మన ఇళ్లలో మొదటి ప్రశ్న “సీఎస్ఈ వస్తుంటే మెకానికల్ ఎందుకే?” అన్నదే. కంప్యూటర్ సైన్స్ మీద నాకేమీ కోపం లేదు. ఇనుమును ముట్టుకుని చూడకుండానే వద్దనుకోవడం మీదే నా తగువు.

ఇక డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు అమ్మలకు ఒక విన్నపం. సీజన్ మొదలవగానే తల్లిదండ్రుల పేర్లు రాసుకునే కాగితం ఒకటి తిరుగుతుంది. నాన్నలు మెంటర్ల గడిలో రాస్తారు, అమ్మలు భోజనాల గడిలో. మీరు పోటీ రోజుకు చేసి తెచ్చే పులిహోర కోసం అమెరికన్ పిల్లలు వరసలో నిలబడతారు, దానికి నేనెప్పుడూ రుణపడి ఉంటాను. కానీ మీలో సగం మంది ఇంజనీర్లు. కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లున్నారు, సర్క్యూట్లు పరీక్షించేవాళ్లున్నారు. మీ అమ్మాయి మిమ్మల్ని ఆ గదిలో ఎప్పుడూ వడ్డిస్తుండగానే చూస్తే, తన చోటు ఎక్కడో తనే తేల్చుకుంటుంది. కిందటేడు ఒకావిడను బతిమాలి వర్క్‌షాపులోకి తీసుకొచ్చాను. “నాకు రోబోలు తెలియవండీ” అంది. రోజూ ఆఫీసులో కార్ల వైరింగ్ చూసే మనిషి! ఆ సాయంత్రమే మా మోటార్ల మధ్య సమాచారం ఎందుకు తెగిపోతోందో కనిపెట్టి, వదులైన ఒక కనెక్టరు చూపించింది. ఈసారి వైరింగ్ బల్ల బాధ్యత ఆవిడదే. వాళ్లాయన వంట గడిలో పేరు రాశారు.

మీ అమ్మాయి తొమ్మిదో తరగతికి వస్తుంటే జనవరి దాకా ఆగకండి. సెప్టెంబరులోనే జట్టు వర్క్‌షాపు చూడ్డానికి వెళ్లండి. ట్రోఫీలు ఎన్ని అని తర్వాత అడగొచ్చు. ముందు, కిందటేడు రోబోను నడిపినవాళ్లెవరు, పిట్‌లో పనిచేసినవాళ్లెవరు, కొత్తగా చేరినవాళ్లకు పనిముట్లు ఎవరు నేర్పుతారు, డ్రైవర్లను ఎలా ఎంచుతారు అని అడగండి. జవాబులు తడుముకుంటే మొహమాటపడకుండా మెంటర్‌గా మీ పేరు రాసి రండి. మేం శనివారాలు పొద్దున్నే తెరుస్తాం. ఇంజనీరింగ్ డిగ్రీ ఏమీ అక్కర్లేదు. కళ్లద్దాలు మేమిస్తాం. జుట్టు ముడి వేసుకుని, గాజులు తీసి, కాలివేళ్లు కప్పే బూట్లు వేసుకుని రండి.